కండబలమునకు మూలధనము: యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రము

రక్తములో భాస్వర మెంత యున్నదో కొలుచుటకు వైద్యవిద్యార్థులు నేర్చు పద్ధతులలో నొకదానికి ఫిస్కు-సుబ్బారావు పద్ధతి యని పేరు. 1925లో వెలువడిన నాటినుండి దాని నెందరు విద్యార్థులు వల్లించిరో లెక్కలేదు. ఆ జంటపేరులోని రెండవవారు మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారని యెరిగి వల్లించినవారు కొందరే. మన పత్రికలలో వీరినిగూర్చి వ్రాయునపుడు బోదకాలు మందును, ఫోలిక్ ఆమ్లమును, పసిపిల్లల రక్తరోగమునకు పనిచేసిన మందును పేర్కొని ముగించుట వాడుక. అవి సామాన్యములు గావు. కాని ఆ మందులకు పదునైదేండ్లకు పైగా ముందే వీరు తేల్చిన విషయము మరియొకటి గలదు.

మనుష్యుడు చేయి యెత్తినను, అడుగు వేసినను, ఊపిరి పీల్చినను, రెప్ప యార్చినను ఆ పని చేయు కండరమునకు అప్పటికప్పుడు బలము ఎక్కడినుండి వచ్చుచున్నది? తిన్న అన్నమునుండి యని యెవరైనను చెప్పుదురు. అన్నము తినిన గంటలకు గాని కండరము పనిచేయ బూనదా? పరుగెత్తుచున్న పిల్లవాని కాలిలో ఆ నిమిషమున ఖర్చగుచున్న దేమి? ఈ ప్రశ్నకు సరియైన సమాధానమునకు దారి తీసిన రెండు పదార్థములను వెలికి దీసినవారిలో సుబ్బారావుగారొకరు. మందులు రోగులకు మాత్రమే కావలసినవి. ఇది బ్రదికియున్న ప్రతివానికి సంబంధించినది. కావున నేడు ఆ కథనే కొంత విపులముగా చెప్పదలచితిమి.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు బిడ్డలలో వీరు నాల్గవవారు. పెద్ద కుటుంబము, చాలీచాలని రాబడి. బాల్యమున వీరికి చదువునం దంతగా మనసు నిలువలేదు. పదుమూడవయేట జ్ఞాతిబాలు నొకని వెంటబెట్టుకొని ఇల్లు విడిచి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని బయలుదేరిరి. తల్లి వెనుకకు రప్పించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి కృతార్థులైరి. ఈ కుఱ్ఱవానికి విద్యాగంధ మంటదని ఇరుగుపొరుగువారు తీర్మానించుటకు ఇంతకంటె నేమి కావలయును? ఆ తీర్మానమును అంగీకరింపనిది తల్లి యొక్కతెయే.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకొను కాలమున వీరి మనసు రామకృష్ణమఠముపైకి పోయినది. సన్యసించి జనసేవ చేయవలెనని తలచిరి. తల్లి యందులకు సమ్మతింపలేదు. తల్లి యనుమతి లేక మఠమువారును చేర్చుకొనలేదు. సేవయే కోరినచో వైద్యము నేర్చి సేవ చేయవచ్చునని మఠమువారు హితవు చెప్పిరట. అట్లు వీరు మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. చదువునకగు వ్యయమును స్నేహితులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును భరించిరి. వారి కుమార్తె శేషగిరమ్మగారినే 1919లో వివాహమాడిరి.

అది సహాయనిరాకరణోద్యమము దేశమునంతటిని కదలించుచున్న కాలము. సుబ్బారావుగారు గాంధీమహాత్ముని పిలుపు విని విదేశవస్త్రములను విసర్జించి, శస్త్రచికిత్సాలయమునకు గూడ ఖద్దరు దుస్తులతోనే పోవ నారంభించిరి. శస్త్రవిద్య బోధించు ఆంగ్లేయాచార్యునకు అది కంటగింపయ్యెను. వ్రాతపరీక్షలలో బాగుగా వ్రాసినను సుబ్బారావుగారికి ఎం.బి.బి.ఎస్. పట్టము రాలేదు, దానికంటె తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో తృప్తి పొందవలసివచ్చినది. ఖద్దరు ధరించి లాఠీదెబ్బలు తిన్నవారిని, కారాగారమునకు పోయినవారిని మనము స్మరించుచుందుము. ఖద్దరు ధరించి పట్టము పోగొట్టుకొన్న యీ విద్యార్థి ఆ పట్టికలోనికి ఎక్కలేదు. దొరతనమువారి వైద్యశాఖలో ఉద్యోగమునకు చేసిన యత్నమును ఫలింపలేదు.

అపుడు వీరికి ఆశ్రయ మిచ్చినది ఆయుర్వేదము. ఆచంట లక్ష్మీపతిగారు మద్రాసులో నడుపుచుండిన ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించు నుపాధ్యాయులైరి. అచ్చటి విద్యార్థులకు సుశ్రుతుడు పరిచితుడే. మానవదేహమున ఐదువందల పేశులు గలవని సుశ్రుతుడు గణించెను. నేటివారు ఆరువందలకు పైగా నున్నవని లెక్కించుచున్నారు. కత్తి చేతబట్టి దేహమును కోసి చూచినవారికి పేశి యెచ్చట పుట్టి యెచ్చట ఎముకను పట్టుకొన్నదో తెలియును; అది పొట్టియైనపుడు ఏ కీలు వంగునో తెలియును. కాని అది పొట్టి యగుట యెట్లు? సుశ్రుతుని కాలమునుండి యిరువదవ శతాబ్దివరకు ఏ కత్తియు ఈ ప్రశ్నకు బదులు చెప్పజాలలేదు. అది రసాయనశాస్త్రము చెప్పవలసిన విషయము.

ఇంతలో కుటుంబమున పిడుగు పడినది. సోదరులలో ఇద్దరు స్ప్రూ యను గ్రహణివంటి రోగమునకు బలియైరి. సుబ్బారావుగారికి సైతము ఆ రోగము సోకగా, లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రదికి బయటపడిరి. సోదరులను కొనిపోయిన రోగమునకు ఆంగ్లవైద్యమునను నమ్మదగిన మందు లేకపోవుట వీరిని కదలించినది. ఉష్ణదేశ రోగములను పరిశోధించు విద్య హార్వర్డు విశ్వవిద్యాలయమున గలదని తెలిసికొని, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ యిచ్చిన ధనమును, మామగారి సాయమును నమ్ముకొని ఓడయెక్కిరి. 1922 అక్టోబరు 26వ తేదీన బోస్టను నగరమున దిగిరి. ఇంటివద్ద భార్య గర్భవతి. రెండుమూడేండ్లలో తిరిగివత్తునని చెప్పి పోయినవారు మరల ఈ గడ్డపై అడుగు పెట్టలేదు. పుట్టిన కుమారుని ముఖమైనను చూడలేదు; ఆ పసివాడు ఏడాది నిండకమునుపే రోగమునకు పోయెను.

బోస్టనులో చదువునకు ప్రవేశము దొరకినది గాని భుక్తి దొరకలేదు. ఆ దేశమున వైద్యవృత్తి చేయుటకు అధికారము లేని వైద్యుడు రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగు పనికి కుదురుకొనెను. పగలు చదువు, రాత్రి యీ పని. దేశమున అస్పృశ్యతను గూర్చి వాదోపవాదములు చెలరేగుచున్న దినములలో ఒక సద్బ్రాహ్మణ కుటుంబీకుడు పరదేశమున ఈ పనిచేసి పొట్టపోసికొనెనని తెలిసియుండినచో ఇచ్చటి పెద్దలు కొందరు ఏమనియుందురో ఊహింపవచ్చును. డిప్లొమా పుచ్చుకొనిన పిమ్మట వీరు హార్వర్డు వైద్యకళాశాలలోనే ఓటో ఫోలిన్ పండితుని జీవరసాయనశాలలో చేరి, సైరస్ ఫిస్కు అను ఆచార్యునితో కలిసి పనిచేయ నారంభించిరి.

ఆ కాలమున కండరమునుగూర్చి లోక మేమి తలచుచుండెనో ఇచ్చట చెప్పవలయును. కప్పకాలి కండరమును కోసి వేరుచేసి, విద్యుత్తు తగిలించి మాటిమాటికి ముడుచుకొనజేసినచో కొంతసేపటికి అలసి ఆగిపోవును. అట్లు అలసిన కండరములో లాక్టిక్ ఆమ్లము పేరుకొనునని కేంబ్రిడ్జిలో ఫ్లెచరు, హాప్కిన్సు అనువారు 1907లో చూపిరి. పాలు పులిసి పెరుగైనపుడు పుట్టు పులుపు ఇదియే. కండరములో నిలువయున్న గ్లైకోజను అను పిండిపదార్థము విరిగి యీ యామ్లముగా మారుచున్నదని జర్మనీలో మాయర్‌హాఫ్ తేల్చెను. ముడుచుకొను కండరమునుండి వెలువడు వేడిమిని ఇంగ్లండులో హిల్ కొలిచెను. ఇరువురకును కలిపి 1922 సంవత్సరపు నోబెల్ బహుమాన మిచ్చిరి. దీనితో లాక్టిక్ ఆమ్లమే కండరమును ముడుచుకొనజేయుచున్నదని పండితులు నిశ్చయించుకొనిరి. నోబెల్ ముద్ర పడిన సిద్ధాంతమును సందేహించువాడెవడు?

సుబ్బారావుగారును ఆ సిద్ధాంతమును ఖండింపవలెనని బయలుదేరినవారు గారు. వారు చేయుచుండినది చాల చిన్న పని, ఒక కొలత. శరీరద్రవములలో ఫాస్ఫేటు, అనగా భాస్వరము ప్రాణవాయువుతో గూడి యేర్పడు లవణభాగము, ఎంత యున్నదో సులభముగా, సరిగా కొలుచు పద్ధతి వైద్యులకు లేకుండెను. ద్రవములోనికి మాలిబ్డేటు అను లవణమును ఆమ్లముతో కలిపి పోసి, పిమ్మట మరియొక ద్రవ్యమును చేర్చినచో, అందున్న ఫాస్ఫేటు కొలది నీలిరంగు పుట్టును. ఫాస్ఫే టెక్కువయైనచో రంగు చిక్కన, తక్కువయైనచో పలుచన. తెలిసిన ప్రమాణముగల ద్రవము నొకదానిని ప్రక్కన బెట్టి రెండిటి రంగును పోల్చినచో లెక్క తేలును. ఇదియే 1925లో ప్రకటింపబడిన ఫిస్కు-సుబ్బారావు పద్ధతి. అద్దకపువాని నీలిమందు తొట్టివలె కనుపించు నీ చిన్న యుపాయమునుండియే తక్కిన కథ అంతయు పుట్టినది.

ఈ పద్ధతితో రక్తమును కొలిచిరి, మూత్రమును కొలిచిరి. రంగు నిమిషములలో పూర్తిగా పుట్టుచుండెను. కండరముయొక్క రసమును కొలువబోగా మాత్రము వింత కనుపించినది. రంగు వెంటనే రాలేదు. మొదట పలుచగా పుట్టి, తరువాత మెల్లమెల్లగా చిక్కబడుచు పోయినది. తొందరపాటు గలవా డెవడైనను గాజుపాత్ర శుభ్రముగా లేదనియో, మందు చెడిపోయెననియో తలచి ఆ నీటిని పారబోసియుండును. వీరు పారబోయలేదు. కొలుచుటకు పోసిన ఆమ్లమే ఏదో పదార్థమును మెల్లగా విరుగగొట్టుచున్నదనియు, అది విరిగిన కొలది ఫాస్ఫేటు బయటపడి రంగు పెరుగుచున్నదనియు గ్రహించిరి. అనగా కండరములో స్వేచ్ఛగా నున్నదని అంతవరకు అందరును లెక్కవేసిన ఫాస్ఫేటులో చాలభాగము స్వేచ్ఛగా లేదు. మరియొక దానితో ముడివడియున్నది. ఆ ముడి యెంత బలహీనమనగా, ఆమ్లము తగిలినంతనే విడిపోవును. అందుచేతనే పూర్వు లెవ్వరును దానిని చూడలేకపోయిరి; చూడబోయిన ప్రతివాడును చూచుటకు ముందే దానిని విరుగగొట్టుచుండెను.

ముడివడియున్న ఆ రెండవ పదార్థమేది? క్రియాటిన్ అని తేలినది. మాంసపు రసములో క్రియాటిన్ గలదని ఫ్రాన్సుదేశపు షెవ్రాల్ 1832లోనే కనిపెట్టెను. అది అక్కడ ఎందులకున్నదో తొంబదియైదేండ్లపాటు ఎవరును చెప్పలేకపోయిరి. నేడు వ్యాయామశాలలలో యువకులు డబ్బాలు కొని నీటిలో కలుపుకొని త్రాగుచున్న పొడియు ఇదియే; త్రాగువారిలో దాని మర్మమును వెల్లడించినవారిలో నొకరు తెలుగువారని యెరిగినవారు అరుదు. ఒక క్రియాటిన్‌కు ఒక ఫాస్ఫేటు చొప్పున గూడి ఫాస్ఫోక్రియాటిన్ యేర్పడుచున్నదని ఫిస్కు, సుబ్బారావుగారలు 1927 ఏప్రిలులో సైన్స్ పత్రికయందు ప్రకటించిరి. కండరమునకు పని చెప్పినచో నిది తరిగిపోవును. విశ్రాంతి నిచ్చినచో తిరిగి కూడుకొనును. అదే సంవత్సరమున లండనులో ఎగిల్టన్ దంపతులును ఇట్టి పదార్థమొకటి కండరమున గలదని కనిపెట్టి ఫాస్ఫాజెన్ అని పేరుపెట్టిరి. కాని అది క్రియాటిన్ సంయోగమని దాని కులగోత్రములు తేల్చినవారు బోస్టనువారు.

అంతటితో పని ఆగలేదు. కండరమునందు ఫాస్ఫేటును మోయుచున్నది ఇది యొకటియే గాదని ఆ నీలిరంగు లెక్కలు చెప్పుచుండెను. వెదుకగా వెదుకగా, అడినోసిన్ అను దానికి మూడు ఫాస్ఫేటులు ఒకదానివెనుక నొకటి గొలుసువలె తగిలియున్న పదార్థము దొరకినది. దీనినే ఏ.టి.పి. అని నేడు పాఠశాల బాలురు సైతము చదువుచున్నారు. 1929లో జర్మనీలో మాయర్‌హాఫ్ శాలయందలి లోమాన్ దీనిని ప్రకటించెను. అదే సంవత్సరము అక్టోబరులో ఫిస్కు, సుబ్బారావుగారలు తాము స్వతంత్రముగా కనుగొనినదానిని ప్రకటించిరి. అచ్చులో లోమాన్ పేరు కొద్ది వారములు ముందు వెలువడుటచే పాఠ్యగ్రంథములు పెక్కు ఆయన పేరు నొకదానినే చెప్పి ఊరకుండును. కొద్ది వారముల తేడా చరిత్రలో ఎంత దూరమగునో చూడుడు.

లాక్టిక్ ఆమ్లపు సిద్ధాంతము కూలినది మరుసటి యేట. డెన్మార్కు దేశమున లుండ్స్‌గార్డు అనువాడు 1930లో కప్పకండరమునకు అయోడోఎసిటిక్ ఆమ్లమను విషము నెక్కించి, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ జేసెను. సిద్ధాంతము నిజమైనచో ఆ కండరము కదలరాదు. అది కదలినది, పలుమారులు ముడుచుకొనినది. ముడుచుకొన్నకొలది ఫాస్ఫోక్రియాటిన్ తరిగినది. అది తరిగిపోయిన పిమ్మట కండరము కొయ్యబారినది. తాను నిలిపిన సిద్ధాంతమే కూలగా హిల్ పండితుడు 1932లో దానిని కండరశాస్త్రమున విప్లవమని తానే వ్రాసెను. పరాజయమును ఇంత హుందాగా అంగీకరించిన పండితులు శాస్త్రలోకమున సైతము తరచుగా కానరారు. ఆ విప్లవమునకు ఆయుధము లందించినది బోస్టనులోని నీలిరంగు సీసాలు.

ఈ రెండు పదార్థములలో నేది యజమాని, యేది పరిచారిక? 1934లో లోమానే దీనిని తేల్చెను. కండరము నేరుగా ఖర్చుపెట్టునది ఏ.టి.పి.; ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును దానికి వెంటనే అప్పగించి, ఖర్చైనదానిని పూరించుచుండును. మన కాపుల సంసారమును దలచినచో ఇది సులభముగా బోధపడును. ఏ.టి.పి. మొలలోని చిల్లర. ఫాస్ఫోక్రియాటిన్ ఇంటిపెట్టెలోని రొక్కము. గ్లైకోజను గాదెలోని ధాన్యము. అమ్మినగాని రొక్కము గాదు. కొవ్వు చేనివంటిది; దానినుండి రాబడి తప్పక వచ్చును గాని తొందరపెట్టిన రాదు. ఒక్కొక్క కండరములో నున్న ఏ.టి.పి. తీవ్రమైన పనికి రెండుమూడు సెకండులకు మించి చాలదు. పెట్టెలోని రొక్కమును గూడ కలుపుకొన్నను సుమారు పది సెకండులు.

చెడుగుడు ఆటలో కూతపెట్టి అవతలి బరిలోనికి దూకి, ఒకని తాకి, పట్టు విడిపించుకొని గీతవైపు దుమికినవాడు ఖర్చుపెట్టినది ప్రధానముగా ఈ పది సెకండుల రొక్కమునే. గాదె విప్పుటకు ఆతనికి తీరిక లేదు. అరనిమిషము కూర్చుండినచో పెట్టె సగమునకు పైగా నిండును. అందుచేతనే కొంచెముసేపటికి వాడు మరల కూతకు పోగలడు. తెల్లవారినది మొదలు ఏతము త్రొక్కు మనిషి సంగతి వేరు. ఆతడు ఊపిరిలోని ప్రాణవాయువుతో పిండిని, కొవ్వును మెల్లగా దహించుచు, ఖర్చగు చిల్లరను ఎప్పటికప్పుడు సంపాదించుచుండును. లాక్టిక్ ఆమ్లము నడుమ వచ్చిపోవు సరుకు. ప్రాణవాయువు చాలనపుడు పేరుకొనును, పిమ్మట గుండెయు తక్కిన కండరములును దానినే వంటచెరకుగా వాడుకొనును. దేహములో ఏ.టి.పి. ఏ క్షణమున జూచినను కొంచెమే. కాని దినమంతయు విరిగి తిరిగి కూడినదంతయు లెక్కవేసినచో అది మనిషి బరువంత యగునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

ఈ చిల్లరను తీసికొని కండరము చేయు పని యేమో సుబ్బారావుగారు బ్రదికియున్నంతకాలము పూర్తిగా తేలలేదు. కండరపోగు పొట్టియగునపుడు దానిలోని దారములు ముడతలుపడి కుంచించుకొనుచున్నవని తలచుచుండిరి. 1954లో ఇంగ్లండు, అమెరికాలలో పనిచేసిన రెండు జట్లు, ఒకదానిలో ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గర్కె. మరియొకదానిలో హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్, ఒకే పత్రికలో ఒకే వారమున సత్యమును ప్రకటించిరి. దారము లేవియు కుంచించుకొనవు. మయోసిన్ అను లావుదారములును, ఆక్టిన్ అను సన్నదారములును వరుసలుగా నున్నవి. ఒకదాని సందులలోనికి మరియొకటి జారుటచే కండరము పొట్టియగుచున్నది. రెండు చేతుల వ్రేళ్లను ఎదురెదురుగా సందులలోనికి దూర్చినచో వ్రేళ్లు పొట్టి గాకయే చేతులు దగ్గరయగును గదా, అట్లు.

జార్చునది మయోసిన్ తలలు. బావినుండి చేదతో నీరు తోడు నాడుది చాంతాటిని ఒకచేత పట్టి లాగి, విడిచి, ఇంకను ముందునకు పట్టి లాగునట్లు, ఈ తలలు సన్నదారమును పట్టి లాగి విడిచి మరల పట్టుచుండును. ఒక్క లాగునకు దారము జరుగునది మిల్లీమీటరులో సుమారు లక్షవవంతు. అట్టి తలలు కోట్లకొలది యొక్కమారుగా పనిచేయగా మన మోచేయి వంగుచున్నది. మెదడునుండి నరముద్వారా ఆజ్ఞ వచ్చినపుడు కండరపోగులోని చిన్నసంచులనుండి సున్నపుధాతువగు కాల్షియము వెలువడి, సన్నదారముపై తలలు పట్టుకొనవలసిన చోటును మూసియున్న మరుగును తొలగించును. ఆజ్ఞ ఆగినచో కాల్షియము తిరిగి సంచులలోనికి తోడబడును. దానికిని చిల్లర ఖర్చుపెట్టవలసినదే. అనగా కండరమునకు పనియే గాదు, విశ్రాంతియు ఊరక రాదు.

ఇందులో నొక విచిత్రము గలదు. తల పట్టుకొనుటకు ఏ.టి.పి. అక్కరలేదు, పట్టు విడుచుటకు కావలయును. క్రొత్త ఏ.టి.పి. వచ్చి తలకు తగిలినపుడే పట్టు సడలును. అది విరిగినపుడు తల మరల ఎక్కుపెట్టబడును. విరిగిన ఫాస్ఫేటు బయటపడునపుడు లాగు పడును. ఆ ఫాస్ఫేటే బోస్టనులో నీలిరంగుగా కనుపించినది. ప్రాణము పోయిన కొన్ని గంటలకు కళేబరము బిఱ్ఱబిగియుట మనమందరము చూచినదే. ప్రేతమునకు బలము వచ్చి బిగియుటలేదు. చిల్లర పూర్తిగా అయిపోయి, పట్టిన తలలు విడువలేక నిలిచిపోవుటచే అట్లగుచున్నది. పిమ్మట మాంసము క్రుళ్లుటకు మొదలిడగా ఆ బిగువు సడలును.

ఇంత చేసిన సుబ్బారావుగారికి హార్వర్డులో దక్కినదేమి? 1930లో పి.హెచ్.డి. పట్టము వచ్చినది. తరువాత పదియేండ్లు అచ్చటనే పనిచేసినను స్థిరమైన ఆచార్యపదవి రాలేదు. వీరు వేరుచేసిన పదార్థములు కొన్నిటిని ఇతరులు చాల సంవత్సరముల పిమ్మట మరల కనిపెట్టవలసివచ్చెననియు, ఫిస్కు అసూయచే వానిని వెలికి రానీయకపోవుటయే దానికి కారణముగా తోచుచున్నదనియు, ఆ శాలలోనే చదువుకొని తరువాత 1988లో నోబెల్ బహుమానము పొందిన హిచింగ్సు పండితుడు చెప్పెను. మద్రాసులో ఖద్దరు అడ్డువచ్చినది. బోస్టనులో అడ్డువచ్చినదేదో చదువరులే ఊహించుకొందురుగాక. సుబ్బారావుగారు మాత్రము ఈ విషయమై పత్రికల కెక్కినవారు గారు. సభలలో తమ వాటాకై వాదించినవారు గారు. ఈ మౌనమును కొందరు వినయమని పొగడుదురు. వినయమే కావచ్చును. కాని తన పనికి తాను సాక్ష్యము పలుకనివాని పేరు ఇతరుల చేతిలో ఏమగునో ఈ చరిత్రమునందే కనుపించుచున్నది.

1940లో వీరు హార్వర్డును విడిచి న్యూయార్కు రాష్ట్రమున పర్ల్ రివరులోని లెడర్లీ ఔషధశాలకు పోయి, అచిరకాలముననే అచ్చటి పరిశోధనకు నాయకులైరి. ఆ యెనిమిదేండ్ల పని లోకమున కంతటికి తెలిసినదే గాన క్లుప్తముగా జెప్పెదము. వీరి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను చంపిన స్ప్రూ రోగమునకు అది పనిచేసినది. 1947లో వెలువడిన హెట్రజాన్ అను మందు మన తీరప్రాంతములను పీడించు బోదకాలు క్రిములపై ప్రయోగింపబడి, తరువాతి దశాబ్దములలో ఇంటింట పంచు మాత్రయైనది. ఫోలిక్ ఆమ్లమునకు ప్రతికూలముగా పనిచేయు అమినోటెరిన్‌ను వీరి శాల అందింపగా బోస్టనులో ఫార్బరు వైద్యుడు రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలలో కొందరికి తాత్కాలికముగానైనను రోగము తగ్గించి 1948లో ప్రకటించెను. వీరి నాయకత్వముననే డగ్గరు శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్‌ను కనిపెట్టెను.

కండరమునుగూర్చి వీరు మరల వ్రాయలేదు. ఇరువదియైదేండ్లకు పైగా ఆ దేశమున నివసించినను అమెరికా పౌరుడు గాకయే యుండిరి. 1948 ఆగస్టు 9వ తేదీ యుదయమున సుబ్బారావుగారు నిద్రనుండి లేవలేదు. రాత్రి నిద్రలోనే గుండె ఆగెనని తెలిసినది. అప్పటికి వయస్సు ఏబదిమూడు. స్వతంత్రభారతమున మొదటి సంవత్సరోత్సవమునకు ఇంకను వారము దినములు లేదు.

వీరి నూరవ జయంతి సంవత్సరమగు 1995లో భారతప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించినది. అంతకు చాల పూర్వమే, 1953లో, అమెరికా శాస్త్రజ్ఞుడొకడు ఒక జాతి బూజునకు వీరి పేరిట సుబ్బరోమైసిస్ అని నామకరణము చేసెను. మల్లాడివారి ధర్మధనముతో ఓడయెక్కిన భర్తను శేషగిరమ్మగారు కడపట చూచినది 1922లో.